ఎనిమిది చప్పుళ్లు

దేచమ్మ గారు కాగితం మీద రాసి చూపించారు:
మీ ఇంట్లో ఏయే చప్పుళ్లకి మిమ్మల్ని లేపాలి?
ఎనిమిది రాసివ్వండి. మించితే దానికి తికమక.

చెవులు పోయి తొమ్మిదేళ్లు.
ఇంట్లో ఏది మోగుతుందో, ఏది మోగదో
నేనే మరిచిపోయాను.
చీపురు చప్పుడు చేస్తుందా?
ఫ్రిజ్ ఇంకా రాత్రిళ్లు మూలుగుతోందా?

లింగరాజపురం, రెండో అంతస్తు, రెండు గదులు.
పెన్సిలు పట్టుకుని
జనాభా లెక్కల మనిషిలా తిరిగాను.
కుళాయినీ, గడియనీ, గోడకున్న స్విచ్చులనీ
ఒక్కొక్కదాన్నే అడిగాను: నీకు నోరుందా?

ఒకటి, తలుపు గంట.
రెండు, ట్యాంకర్ హారన్. అది సందులోకి వచ్చిందని తెలిసేసరికి
నా బిందెల వంతు దాటిపోయిన ఎండాకాలాలు ఎన్నో.
మూడు, పైన తొట్టి నిండి పొర్లే నీళ్లు.
నాలుగు, ఇన్వర్టర్ కూత.
ఐదు, కుక్కర్.
ఆరు, తెల్లవారుజాము అలారం. ఇన్నాళ్లూ దిండు కింద ఫోను
వెల్లకిలా పడ్డ బొద్దింకలా గిలగిల్లాడి లేపేది.
ఏడు, తాళాలు చేయిజారి పడితే.

ఎనిమిది దగ్గర పెన్సిలు ఆగింది.
మీ పేరు రాయండి, అన్నారు ఆవిడ.
ఎవరైనా పిలిస్తే వచ్చి మోకాలు తడుతుంది.
వకుళ, అని రాశాను.
రాసి చూసుకుంటే పరాయి చీర కట్టుకున్నట్టుంది.
పిలిచి పిలిచి విసిగినవాళ్లు
చేతులు ఊపడం నేర్చుకున్నారు,
తర్వాత అదీ మానేశారు.

కింది వాటాలో ఇంచర ఉంది, ఆరో తరగతి.
ఫోనులో గొంతు పట్టించింది: వకుళక్కా, వకుళక్కా,
ఇరవైసార్లు, కోపంగా, గారంగా,
నోట్లో చపాతీ పెట్టుకుని ఒకసారి.
కుక్కకి అది రోజూ వినిపిస్తున్నారట.
మైసూరు రోడ్డు అవతల ఎక్కడో
నా పేరు నాకంటే బాగా ఎరిగిన ప్రాణి ఒకటి ఉంది.

దాని పేరు రాగి.
కన్నడంలో తిండి, మనకి లోహం;
ఫొటోలో చూస్తే రెండూ సరిపోయాయి.
జాతి కుక్కేం కాదు, వీధిదే.
ఎడమ చెవి కొసన కార్పొరేషన్ వాళ్ల కత్తిరింపు.
ఆ తెగిన చెవే ఇక నా చెవి.

ఇంటి ఓనరు నంజేగౌడ పెదాలు ముందు
"ఆగల్ల" అన్నాయి.
ఉత్తరం రెండుసార్లు చదివాడు.
మొరగదట, తడుతుందంతే, అన్నాను.
కాసేపు మెట్ల మీద నిలబడి
తన కుడి చెవి వేలితో చూపించి
ఇంకొకటి దొరుకుతుందా, అని అడిగాడు.

జాకెట్ల మిగులు ముక్కలతో బొంత కుట్టాను.
మిషను వైరు గోడకి కట్టాను.
స్టీలు గిన్నె మీద పేరు కొట్టించబోతే
కొట్టువాడు నవ్వాడు. వాడి నవ్వు వినక్కర్లేదు.

ఇంచరే మాకు తాలీము కుక్క.
నాలుగు కాళ్ల మీద వచ్చి అరచేత్తో నా మోకాలు తడుతుంది.
నేను రెండు చేతులూ విప్పాలి: ఏదీ? ఎక్కడ?
అది ముందు, నేను వెనక.
తలుపు. భలే. ఒక పల్లీ.
కుక్కర్. ఇంకో పల్లీ.
మూడోసారి తట్టి
కిటికీ దగ్గరికి లాక్కెళ్లింది.
అక్కడ ఏమీ లేదు.
పైకి తిరిగిన ఆ పిల్ల పెదాలు: "మళె."

ఎదురింటి రేకుల మీద వాన.
తొమ్మిదేళ్లుగా నాకది తడి మాత్రమే.
ఇది జాబితాలో లేదే, అన్నాను.
కుక్క పల్లీ కోసం చేయి చాపింది.

దేచమ్మ గారికి మెసేజ్ పెట్టాను, తొమ్మిది కుదరదా అని.
ఎనిమిదే. కావాలంటే ఒకటి కొట్టేయండి.

రాత్రి కాగితం ముందు కూర్చున్నాను.
పేరు మీద పెన్సిలు పెట్టాను. తీశాను.
మళ్లీ పెట్టి, చపాతీ నమిలే ఆ గొంతు ఎలా ఉంటుందో అనుకుని
తీశాను.

కుక్కర్‌ని కొట్టేశాను.
ఆవిరి కంటికి కనిపిస్తుంది, మాడితే ముక్కుంది,
అన్నం జావైతే మజ్జిగ పోసుకుంటాను.

రాగి శనివారం వస్తుంది.
ఐదు, రేకుల మీద వాన.