పొడి నేల మీద వంతెన

మా పటంలో వంతెన నది మీదే ఉంది.
వాళ్ళ పటంలోనూ నది మీదే ఉంది.
మా నది మీద వాళ్ళ వంతెనను పరిచేసరికి
అది పోయి పోయి
ఆప్రికాట్ తోటలో నిలబడింది,
కాళ్ళ కింద చుక్క నీరు లేకుండా.

నూట పదిహేను మీటర్ల తేడా.
"మీ నది కాస్త జరగాలి, ఝిపార్" అన్నాడు
అవతలి దేశపు సోహిబ్‌నజర్, తెర మీది ముఖం నవ్వకుండానే.
"మీ వంతెనే జరగొచ్చుగా" అన్నాను.
జెనీవా నుంచి వింటున్న మార్గిట్
మైకు మూసేసుకుంది,
నవ్విందో, నిట్టూర్చిందో.

ఎవరి తప్పూ లేదు.
భూమిని వాళ్ళు ఒక సున్నా నుంచి కొలుచుకున్నారు,
మేము ఇంకో సున్నా నుంచి.
సున్నా దగ్గరే పేచీ పడ్డవాళ్ళం
కొండల దాకా ఎప్పటికి వస్తాం?

బత్కెన్‌లో మా ఆఫీసు ఇనప బీరువాలో
పాత పటాలున్నాయి.
మూలన ఊదారంగు ముద్ర: రహస్యం.
సరిహద్దు గీత దాటగానే కాగితం తెల్లబోతుంది.
కొండ సగంలో ఆగుతుంది.
గొర్రెల బాట సగంలో ఆగుతుంది.
నది కూడా ఆగుతుంది, కాగితం మీద.
నదికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

పైన, మంచుగడ్డ కింద, ఓ సరస్సు ఉబ్బుతోంది.
మా జాబితాలో అది నలభై ఏడు.
ఉపగ్రహం వాళ్ళ దగ్గర పదకొండు అక్షరాల సంకేతం.
సహాయ సంస్థ పట్టికలో ఉత్తర సరస్సు, బ్రాకెట్లో ప్రశ్నార్థకం.
మూడు నివేదికలు చదివిన పెద్దలు
మూడు సరస్సులున్నాయని తేల్చారు.
ఒక్కదానికీ నీటి కొలబద్ద పెట్టలేదు.

అక్కడ మందలు మేపే అయిమ్‌కాన్ దాన్ని
ఒంటెపిల్ల కన్ను అంటుంది.
"ఎండాకాలం మొదట్లో కన్ను చెమరిస్తే
గుడారం పైకి మార్చుకుంటాం.
మాకు మీ చుక్కలూ గీతలూ ఎందుకు తల్లీ,
కింద ఉన్నవాళ్ళకు చెప్పండి."
రాసుకుందామని చూశాను.
పట్టికలో ఆ మాటకు గడి లేదు.

ఉత్తరాలు వెళ్ళాయి.
మంత్రిత్వశాఖ నుంచి మంత్రిత్వశాఖకు
పద్నాలుగు నెలలు, గుర్రం మీద వెళ్ళినా
రెండుసార్లు పోయి వచ్చేవి.
ప్రతి జవాబూ మర్యాదగానే ఉంది.
"పరిశీలనలో ఉన్నది."

జూలైలో ఒక రాత్రి, రెండు నలభైకి,
ఫోను బల్ల మీద గిలగిల్లాడింది.
సోహిబ్‌నజర్.
ముద్ర లేదు, సంతకం లేదు, నమస్కారం కూడా లేదు.
ఒక ఫైలు,
దాని కింద ఒక్క వాక్యం:
మా సున్నా ఇది. మీది పంపు.

నా ఉద్యోగం విలువెంతో నాకు తెలుసు.
ఇద్దరు పిల్లలు, ఇంకా తీరని అప్పు.
పంపాను.
అటు నుంచి మార్గిట్ అర్ధరాత్రి ఆకాశం బొమ్మ పంపింది,
మబ్బు చిరుగులోంచి కనబడ్డ కన్ను,
రెప్ప దాకా నిండి.

ఏడు అంకెలు సరిచేస్తే చాలు,
తోటలోంచి వంతెన
మెల్లగా నడిచి వచ్చి నది మీద కూర్చుంది.
ముంపు గీత ఎవరి గుమ్మం దాకా వస్తుందో
మొదటిసారి రెండు ఒడ్డులా ఒకేసారి కనబడింది.
ఆ గుమ్మాలకు ఫోన్లు చేశాం,
ఆయన తన భాషలో, నేను నా భాషలో,
ఒకే మాట: లేవండి.

తెల్లారింది.
తెర మీద వంతెన వెంట్రుకవాసి తేడా లేకుండా
నది మీద ఉంది.
నది మీద మాత్రం వంతెన లేదు.
బురదలో ఒక కంబం, దానికి చుట్టుకున్న ఎవరిదో దుప్పటి.
దుప్పటి గలామె గట్టు మీద నిలబడి
మమ్మల్ని కాదు, ఏటిని తిడుతోంది.
బతికున్న మనిషి తిట్లు
అంత బాగుంటాయని నాకు తెలియదు.

విచారణకు పిలిచారు.
నన్నూ, అక్కడ ఆయన్నీ.
ఏ అనుమతితో పంపారన్నారు.
జవాబు పరిశీలనలో ఉన్నదన్నాను.

పటాల్లోంచి పోయిన వంతెనను చెరపాలి.
అందుకు మళ్ళీ ఉత్తరాలు.
ఈలోగా పట్టికలో వివరాలన్న గడి ఒకటి కలిపి
ఒంటెపిల్ల కన్ను అని రాశాను.
నిన్న సోహిబ్‌నజర్ అడిగాడు:
"కొత్తది ఎక్కడ కడితే బాగుంటుందంటావ్?"

"నది మీద" అన్నాను.