ముందు గాలొస్తది

కనిగిరిలో, పొదిలి రోడ్డు మీద,
సిమెంటు తొట్టిలో నడుం దాకా కూర్చుని ఉన్నాను.
కాళ్ళు బయట, పీట మీద.
మోకాళ్ళ మీద పొడి దుప్పటి.
నీళ్ళలో ఉన్నదల్లా పొట్టా, దాని కింది సంసారమూ.

మాఘమాసం. తెల్లారి ఐదున్నర.
రాత్రంతా ఆరుబయట కుండల్లో ఉన్న నీళ్ళు.
"పళ్ళు కొరుక్కోమాకయ్యా, పొట్ట రుద్దుకో,
కుడి నుంచి ఎడమకి" అంటది ఖాశింబీ.

ఇరవై ఏళ్ళుగా నేను బోర్లు బాగుచేస్తాను.
వెలిగండ్ల, పామూరు, హనుమంతునిపాడు,
ఏ చేలో ఎన్ని పైపులు దిగాయో నా చేతులకు తెలుసు.
నీళ్ళ కోసం ఊళ్ళు పట్టుకు తిరిగినవాణ్ణి,
నీళ్ళలో కూర్చోవడం ఇదే మొదలు.

మూడు నెలలు. మెతుకు దిగిన చోటే కూర్చునేది.
ఛాతీ కింద గుప్పెడు సున్నం ఉడికినట్టు.
తెల్ల బిళ్ళ, గులాబీ మందు, సోడా,
అన్నిటికీ ఒక పూట మర్యాద చేసి
మళ్ళీ పడుకునేది పొట్ట, అలిగిన బర్రెలాగా.

మాల్యాద్రి డాక్టరు బల్ల మీద వేలితో గీసి చెప్పాడు:
చల్లదనం తగిలితే తోలు ముడుచుకుంటది,
నెత్తురు లోపలికి పరిగెడతది,
కాసేపటికి వెచ్చగా తిరిగొస్తది.
ఆ రాకపోకల్లో పేగు నిద్ర లేస్తది.
"అందరికీ లేస్తదని చెప్పను" అని కూడా అన్నాడు.
ఆ చివరి మాటకే నేను ఆయన్ని నమ్మాను.

అయినా నాకది కొత్త విద్యేం కాదు.
ఎండాకాలం కంప్రెసరు సెగలు కక్కితే
తడి గోనెసంచి కప్పి, బీడీ ముట్టించి,
ఆవిరి పోయిందాకా దాని పక్కనే కూర్చునేవాణ్ణి.
దాని మీద చూపిన జాలి
నా మీద ఎప్పుడు చూపించుకున్నానని.

తొట్టికి ఎనిమిది బిందెలు. లెక్కపెట్టాను.
మా వీధికి ట్యాంకరు రెండ్రోజులకోసారి,
ఇంటికి ఆరు బిందెలు.
బియ్యం కడిగిన నీళ్ళనే మా దీనమ్మ
మూడు పనులకు తిప్పుద్ది.
గారపళ్ళ పిల్లలు నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వే చోట
ఒక్కడి అజీర్తికి ఎనిమిది బిందెలు.
ఆ సిగ్గు ముందు చలి ఎంత?

"ఈ నీళ్ళేం చేస్తారు?" అడిగాను, దవడలు టకటకలాడతా.
"మునగచెట్లకి పోతయ్. నీ మాదిరే ఇంకొకాయన
సిగ్గుపడి సిగ్గుపడి, ఆ బిగుసుడుకే పేగు కదల్లేదు.
రుద్దుకో."

లేచాక కట్టు.
చన్నీళ్ళలో పిండిన పాత పంచె రెండు చుట్లు,
దాని మీద పొడి ఉన్నిగుడ్డ, పిన్నీసు.
మొదటి నిమిషం పొట్ట మీద పాము పడుకున్నట్టు.
పదో నిమిషానికి ఎక్కడిదో వెచ్చదనం.
బయటిది కాదు, నాదే,
దాచుకున్నట్టు నాకే తెలియనిది.

అప్పుడు ఖాశింబీ వంగి చెవి ఆనించింది.
ఆ వంగుడు నాకు తెలుసు.
చేలో మోటారు వేసి, ఇనప పైపుకు చెవి పెట్టి,
వెనక ముగ్గురు రైతుల ఊపిరి మెడకు తగులుతుంటే
నేను వంగే వంగుడే అది.
ఇప్పుడు నేను పైపుని.

"ఏం లేదా?"
ఆగమన్నట్టు వేలెత్తింది.

ఎక్కడో అడుగున, బుడుంగ్.
తర్వాత సన్నగా, గులకరాయి దొర్లినట్టు.
ఆ తర్వాత ఆడమనిషి ముందు చెప్పుకోకూడని శబ్దం ఒకటి, పొడుగ్గా.
చూరులో పిచ్చికలు లేచిపోయాయి.
దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను.

"ముందు గాలొస్తది" అందామె, ఏమాత్రం నవ్వకుండా,
"తర్వాతే ఏదైనా."

ఆ మాట నాది.
పైపు దగ్గి దగ్గి ఉత్తినే ఊదుతుంటే
బిందెలు పట్టుకుని నిలబడ్డవాళ్ళకు
ఎన్ని ఊళ్ళలో చెప్పానో.
కొన్నిచోట్ల నిజమైంది.
కొన్నిచోట్ల పొద్దుగూకేదాకా గాలే వచ్చింది,
కూలి అడక్కుండా బండెక్కాను.

ఎనిమిదింటికి ఆకలేసింది.
ఆకలి. ఆ మాట అనడానికే నోరూరింది.
సజ్జ గంజి. ఉప్పు లేదు, మిరపకాయ లేదు.
రెండో గిన్నె అడిగితే ఇవ్వలేదు.

ఫోను మోగింది. పామూరు అవతల ఎవరో:
"మోటారు తిరుగుతుందన్నా, నీళ్ళు పడట్లా."
"మధ్యాన్నం వస్తా" అన్నాను,
"అందాకా ఆపు దాన్ని. కాసేపు చల్లబడనీ."
పొట్ట మీద కట్టు ఇంకా తడిగానే ఉంది.