పూచీ

ముప్పై ఏండ్లుగా బోర్లలో మోటార్లు దించేటోణ్ణి,
ఎత్తేటోణ్ణి.
గుత్తి చుట్టుపక్కల ఏ చేన్లో ఎన్నడుగుల కేసింగు దిగిందో
నిద్రలో లేపి అడిగినా చెప్తా.
నా ఇంట్లోనే ఒక గొట్టం మూసుకుపోతావుంటే
ఆర్నెల్లు తెలీలేదు.

మొదట సంగటి దిగలేదు నాగూరమ్మకు.
గట్టిగా కెలికినావేమోలే, అన్నా.
తర్వాత ఉగ్గాని. ఆ తర్వాత పాలల్లో నానిన బన్ను.
టీ ఎప్పుడూ పొయ్యి మీంచి దించింది దించినట్టే తాగేది,
ఆ టీ కూడా రొమ్ముకాడ నిలబడి
కాసేపు ఆలోచించి దిగేది.
ఊళ్లో సూదులేసే డాక్టరు గ్యాసన్నాడు.
గ్యాసు మాత్ర మింగడమే గండమయింది.

కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
కాగితం మీద గీత గీసింది.
అన్నవాహిక అంట.
ఎంత మంచి పేరు పెట్టినారు, ఎవరో ఆకలి తెలిసినోళ్లు.
ఇరవై ఐదు సెంటీమీటర్లు.
ఐదొందల అడుగుల లోతు చూసినోణ్ణి,
జానెడు గొట్టానికి చెమటలు పట్టినాయి.
"కోసి తీసేయండమ్మా, ఈ రోజే."

"ఇప్పుడే కోయం" అనింది.
"గడ్డ చుట్టూ వాపుంది. వాపు ఊరికే కూర్చోదు,
గడ్డకు కూడు పెడుతుంది.
ముందు సెలైన్లో ఎక్కించే మందు,
దాంతోపాటే వాపుకి ఒక గుళిక.
రెండూ కలిస్తే గడ్డ ఇంకా ఒదుగుతుందేమోనని చూస్తున్నాం.
ఆపైనే కత్తి."
నా మోకాళ్లకు మందుల షాపోడిచ్చే మాత్రలకు
ఆ గుళిక దగ్గరి చుట్టమంట.

అది నాకర్థమయింది.
ఇసుక పట్టిన మోటారును ఒక్క గుంజుడు గుంజకూడదు.
తీగ తెగితే మోటారూ పోతాది, బోరూ పోతాది.
నీళ్లు పోసి, పైపు అటింత ఇటింత తిప్పి,
చుట్టూ పట్టిన ఒండ్రు వదిలేదాకా
బీడీ కాలుస్తా కూర్చోవాల.
తొందరపడే రైతును తిట్టేది నేనే.

"బాగైతాదా అమ్మా?"
"పూచీ ఇవ్వలేను. కొందరికి పని చేయొచ్చు, కొందరికి చేయకపోవచ్చు,
అది తెలుసుకోవడానికే ఇది.
వద్దంటే మామూలు వైద్యం చేస్తాం, కోపగించుకోం."

ఆ మాట నాది.
రిగ్గు ఖర్చుకు కమ్మలు కుదవపెట్టి
"నీ చేతి చలవ, హుస్సేనప్పా" అని నిలబడినోళ్లకు
"నీళ్లకు నా పూచీ లేదు" అని
టవలు దులుపుకుని చెప్పిన మాట.
అవతలి పక్క నిలబడి వింటే
అంత బరువుంటాదని నాకెవరూ చెప్పలేదు.

సంతకం యాడ పెట్టాలని నాగూరమ్మే అడిగింది.
పొదుపు సంఘంలో నేర్చిన సంతకం,
దీర్ఘం మర్చిపోయి మళ్లీ పెట్టింది.
"మనూర్లో ఎన్ని బోర్లు ఎండలేదు?
రిగ్గు రాకుండా పోయిందా?"

మూడు వారాలకొకసారి డోను మీదుగా బస్సు.
తిరుగు దారిలో వెల్దుర్తి దాటకముందే ప్లాస్టిక్ కవరు.
నోరంతా నీ పానా నాకినట్టుందంటాది.
గుళిక మింగలేదు. డాక్టరమ్మనడిగి, విప్పి,
లోపలి తెల్లపొడి రాగిగంజిలో కలుపుతా,
ఖాళీ కడుపున వద్దన్నారని
ముందు రెండు గుక్కలు ఉత్త గంజి.
దించిన పైపులు లెక్కేసినట్టు
గోడ మీద సుద్దతో గీతలు.

బోర్లో నీళ్లెంతలో ఉండాయో తెలియాలంటే
రాయేసి చెవి పెడతాం.
రాత్రి ఆమె గంజి తాగుతాంటే
వీపు మీద చెవి ఆనించినా.
"ఏం మనిషివబ్బా" అనింది, ఆపకుండా తాగింది.
గుటక.
నిలబడలేదు, ఆలోచించలేదు, దిగిపోయింది.
నీళ్లకు తగిలిందో, మట్టికి తగిలిందో
నా చెవికి అందలేదు.

బేస్తవారం ఆపరేషను.
వచ్చినాంక ఉగ్గాని చేసుకుంటానని
రెండు సేర్ల బొరుగులు తెప్పించింది.
ఎన్నాళ్లకు తింటాదో, అందాకా మెత్తబడకూడదని
డబ్బా మూత బిగించినా,
చేత్తో చాలక
పానాతో.