నాలుగు మళ్ళు

జోహరాపురం దాటినాక, హంద్రి పక్కన
అరెకరం నల్లరేగడి మాది.
పోయిన కార్తీకంలో షిరీన్ అనే కాలేజీ పాప వచ్చి
నాలుగు మళ్ళకు పురికొసలు కట్టింది.
ఒకటే పాలకూర విత్తనం. ఒకటే బోరునీళ్ళు.
ఎరువు మాత్రమే వేరు.

మొదటిదానికి యూరియా.
అది నాకు కొత్తా? ముప్పై ఏండ్లుగా
నా గోళ్ళ సందుల్లో కరిగినదే.
రెండోదానికి అమ్మోనియం సల్ఫేటు.
చక్కెర మాదిరి ఉంటాది, ఈ సున్నపు నేల మీద పడితే
కాసేపటికి ముక్కు మండిస్తాది.
"మట్టి కప్పమ్మా, గాలికి పోతాది" అని నేనే చెప్పినా.
మూడోది కాల్షియం నైట్రేటు.
సంచి మూతి కట్టడం మరిచినాము,
తెల్లారేసరికి చెమ్మ తాగి తానే నీళ్ళైపోయింది.
నాలుగోదాంట్లో, విత్తక ముందే,
మద్దిలేటి రెండు రాత్రులు గొర్రెమంద కట్టించినాడు.

నత్రజని ఒకటేనంట, వచ్చే దారులే వేరంట.
నైట్రేటు నీళ్ళ వెంబడి నడిచొస్తాది.
అమ్మోనియం మట్టిని పట్టుకొని కూసుంటాది,
వేరే దాని ఇంటికి పోయి పిలవాల.

ఇరవై అయిదో నాటికి
యూరియా మడి నల్లగా నిగనిగలాడింది.
నైట్రేటు ఆకు నా అరచేతిని మించింది.
అమ్మోనియం మడి పొట్టిగా, మొండిగా.
మంద కట్టిన మడి
ఇంకా ఆలోచిస్తా ఉంది.

షిరీన్ తూకం వేసి రాసుకుంది.
నాకూ ఒక తక్కెడ ఉంది:
సి.క్యాంపు రైతుబజారులో పదకొండు గంటల ఎండ.
తడిగోనె మీద మొదట మెడ వాల్చింది యూరియా కట్టే.
నైట్రేటు ఆకు నమిలితే పళ్ళు గరగర.
మంద మడి కట్ట మద్యాన్నం దాకా లేచి కూసునే ఉంది.
అయినా మెస్సు నడిపే ఉసేనప్ప
నల్లగుండేదే ఏరుకొని పోయినాడు.

"మబ్బులో కోయొద్దు పెద్దమ్మా" అనింది పాప.
"రాత్రంతా తాగిన నైట్రేటు ఆకులోనే ఉంటుంది,
ఎండ తగిలితేనే అరిగించుకుంటుంది. సాయంత్రం కొయ్యి."
సాయంత్రం కోస్తే ఎవరమ్మా కొనేది?

అప్పుడడిగింది, పెన్సిలు చెవి మీద దోపుకొని,
తప్పు పట్టేటట్టు కాదు, ఊరికే:
"మీ ఇంట్లోకి ఏ మడిలో కోస్తావు?"

బోరు షెడ్డు వెనక చారెడు జాగా ఉంది.
పురికొస కట్టనిది.
పొయ్యి బూడిద, పేడనీళ్ళు తప్ప
ఏ సంచినీ చూడనిది.
ముప్పై ఏండ్లుగా మా సంగటిలోకి ఆకు అక్కడిదే.
ఎందుకని ఎవరూ అడగలేదు.
నేను కూడా.

చెప్పలేదు.
నీళ్ళు మళ్ళించే పనున్నట్టు పార తీసుకొని లేచినా.
ఆ పాప కాగితంలో అన్నిటికీ గడులుండాయి,
ఎత్తుకు, వేరు పొడవుకు, ఆకుల లెక్కకు.
దీనికి లేదు.

మర్నాడు గంప అడుగున
షెడ్డు వెనక ఆకు ఆరు కట్టలు పెట్టినా.
సన్నగా, పురుగు కొరికిన చిల్లులతో.
ధర అదే, పదికి మూడు.
అయిదు తిరిగొచ్చినాయి.
ఆరోది ఎవరు కొన్నారో
ఎంత తల గోక్కున్నా గుర్తుకు రాలేదు.