గుండుసూదులు

దేవరకొండ బస్టాండ్ ఎనుక గల్లీల
రెండు కుట్టుమిషన్లు, నడుమ ఒక రేకు గోడ.
నాది ఆగినప్పుడల్ల
సైదమ్మ మిషన్ ఉరుకుడు ఇనవడతది.

కాజాలు కుట్టుడు నేర్పింది నేనే.
ఇప్పుడు పెండ్లి జాకెట్లన్నీ ఆమెకు,
నాకు లంగాల బొందులు, బడి సంచుల జిప్పులు.
"పిల్ల మంచిగ కుడుతది" అని
అడిగినోళ్లందరికీ నేనే చెప్పిన.
చెప్పినప్పుడల్ల దారం తెగింది.

నిన్న మిట్టమధ్యాహ్నం,
షట్టర్ సగం దించి తిననీకె పోయింది సైదమ్మ.
చింతపల్లి బస్సు దిగొచ్చిందొకామె,
చంకల పట్టుబట్ట, మొకం మీద చెమట.
"సైదమ్మ లేదా అక్కా?"
"ఊరికి పోయింది, నాలుగొద్దులకు గాని రాదు."
ఎంత సాఫుగ వచ్చిందో మాట,
సాన పట్టిన కత్తెర మల్లుగుడ్డల పోయినట్టు.

ఆమె బట్ట నాకియ్యలే.
అదే బస్సుకు మళ్లిపోయింది.

పొద్దుగూకంగ సైదమ్మ
చాయ్ తెచ్చి సగం నాకు పోసింది.
గిలాస దిక్కే చూస్కుంట నవ్వింది:
"నేను ఊర్ల లేనని ఎవరో చెప్పిన్రటక్కా!"

నా పెదవుల నడుమ
నాలుగు గుండుసూదులున్నయి.
చాయ్ మీద మీగడ కట్టింది.
సూదులు తియ్యలే.