నాలుగో లేను

సొహార్‌ల జూన్ నెల.
చిల్లర్ చెడిపోయి మూడు దినాలాయె,
పూల్ నీళ్లు ముట్టుకుంటె చారు తీర్గ ఉన్నయి.
చాపల మార్కెట్ కాడికెల్లి మంచు తెచ్చి
నాలుగు బస్తాలు కుమ్మరించిన,
కరగనీకె నిమిషం గూడ పట్టలె.
క్లోరిన్ జూసిన, రాసిన, సంతకం బెట్టిన.
నా పని అంతవరకే.

కాని జుమ్మా నాడు టైము చూసేటప్పుడు
వాచీలు పట్టెటోళ్లు తక్కువైతరు.
కోచ్ ఫెర్నాండో నా చేతిల ఒకటి బెట్టి
నాలుగో లేను నీది, రాజలింగం, అంటడు.

నాలుగో లేనుల మేదిని.
ఐదో లేనుల ఆమె తమ్ముడు నిశ్చల్, ఏడాది చిన్నోడు.
వాళ్ల నాయిన పోర్టుల ఇంజనీరు.
మాదంత ఒక్క భాషనే గని
ఆయన "మీరు" అంటడు, నేను "సార్" అంట.

రెండేండ్ల కింద
ఈ పిల్లను అందుకునేటోడు లేకుండె.
యాభై మీటర్లు, ముప్పై నాలుగు సెకన్లు.
మొగపిల్లలు గోడ ముట్టి తలెత్తెసరికి
అద్దాలు నుదుటికెక్కించుకొని
బస్సు కోసం నిలవడ్డట్టు నిలవడేది.
తమ్ముడు ఆఖరికి వచ్చెటోడు, దగ్గుకుంట.

పోయిన చలికాలం వాని గొంతు మారింది.
జబ్బలు ఎడల్పయినయి,
చెప్పులు నా చెప్పులంత అయినయి.
రాత్రికి రాత్రి పందిరెక్కిన బీరతీగ.
పాపం, వాడేం జేసిండు?
తిన్నడు, పన్నడు, లేచిండు.

మేదిని నాలుగున్నరకే గేటు కాడుంటది.
తాళంచెవి నాదే గనుక నాకు దెలుసు.
ఆర్నెల్లు కొట్టుకుంటె
సెకనుల సగం కంటె జరంత ఎక్కువ కోసుకున్నది.
వానికి ఊరికెనే రెండు సెకన్లు దొరికినయి.

కోచ్ బోర్డు మీద రెండు గీతలు గీసిండు.
పదకొండేండ్ల దాక ఒకదాన్నొకటి రాసుకుంటనే పోయినయి,
ఆడికెల్లి ఒకటి పక్కకు దిరిగింది.
"ఇది ఒంటి లెక్క, మనిషి లెక్క గాదు."
ఆ పిల్ల చెయ్యెత్తింది.
"మరి ఆఫీసు ముంగట అతికించేది
ఎవరి లెక్క సార్?"
కోచ్ సుద్దముక్క చేతిల దిప్పుకుంట నిలవడ్డడు.

ఇయ్యాల విజిల్ వడ్డది.
నలభై మీటర్ల దాక ఇద్దరు ఒక్క వరుసల.
ఆడ వాని కాళ్లు నిమ్మళమైనయి.
ఇరవై ఏండ్ల సంది నీళ్లనే జూస్తున్నోన్ని,
అలిసినోని కాళ్లు వేరు,
ఆగినోని కాళ్లు వేరు.

మేదిని ముందు ముట్టింది.
చప్పట్లు. వాళ్లమ్మ ఫోన్‌ల ఫోటో.
ఆ పిల్ల ఎవల దిక్కు చూడలె.
"ఎందుకాగినవ్?"
"అలిసిపోయినక్కా."
దోసెడు నీళ్లు వాని మొఖాన కొట్టింది, ఆటకు గాదు.
"నాకు దానమియ్యకు."

ఇగ నా దిక్కు దిరిగి,
"అంకుల్, నాదెంత?"
ముప్పై ఒకటి పాయింటు తొమ్మిది.
ఎన్నడు రాని అంకె.
గెలుపు ఉత్తది, టైము అసలుది;
రెండూ ఒక్క చేత్తోనే ముట్టింది.
నా జేబుల పెన్ను గుంజుకొని
తడి ముంజేతి మీద రాసుకున్నది. సిరా పాకింది.
మల్ల రాసుకున్నది.

రాత్రి రూంల పండుకుంటె మా బాయి యాదికొచ్చింది.
నడుముకు బెండ్లు గట్టి
మా బాపు నన్ను దొబ్బిన బాయి.
అక్క గంగవ్వది ఒడ్డు మీది పని, నా బట్టలు పిండుడు.
ఓనాడు ఎండపొద్దు, ఎవలు లేంది జూసి
లంగ చెక్కుకొని దుంకింది.
ఈ దరికెల్లి ఆ దరికి.
నేను గట్టుమీద నిలవడి లెక్కవెట్టిన.
"చెప్పకురా" అని
జుట్టు ఎండెదాక మక్కచేన్ల కూసున్నది.
నేను చెప్పలె. నలభై ఏండ్లు, ఎవలకు.

ఫోన్ జేసిన.
బీడీల చాట పక్కకు జరిపిన సప్పుడు.
అక్కా, నీకు యాదున్నదా,
ఆనాడు బాయిల నేను పది లెక్కవెట్టెలోపు...

"ఏడు" అన్నది.
"ఏడేరా. పది గాదు."