బకెట్టు లెక్క

రోళ్లు పగిలేటి రోహిణి కార్తె.
నక్కలగుట్ట పండ్ల దవాఖానల
ఉప్పునీళ్ల అద్దాల తొట్టి
ముప్పై ఒక్క డిగ్రీలు.
"చిల్లరు కొత్తదే యాకయ్యా,
నడుస్తది, ఆగుతది, నడుస్తది, ఆగుతది,
నీళ్లేమో కాగుతనే ఉన్నయి" అన్నది స్వరూప.
అపాయింట్‌మెంట్ల బుక్కు వెనుక పేజీల
గంటగంటకూ డిగ్రీలు రాసిపెట్టింది
జరమొచ్చిన పిల్లకు రాసినట్టు.

చేపలు రెండే.
నారింజ ఒంటికి తెల్ల పట్టీలు.
నోర్లు తెరుచుకొని పైపైకొస్తున్నయి.
వంతు కోసం కూసున్నోళ్లు
దవడలు పట్టుకొని వాటినే చూస్తున్నరు.

నేను ఏసీలోన్ని, చేపల సంగతి తెల్వదు.
గ్యాసు చూసిన, ఫ్యాను చూసిన,
కండెన్సరు మీది దుమ్ము ఊదిన.
యంత్రానికి ఏ రోగమూ లేదు.
దాని మొఖం మీద ఇరవై నాలుగు,
తొట్టిల ముప్పై ఒకటి.
రెండిట్ల ఏదీ అబద్ధం కాదు.
తన కడుపులకు వచ్చిన కాసిన్ని నీళ్లను
సల్లగ జేసి, పని అయిపోయిందనుకొని
పండుకుంటున్నది, పాపం.
తొట్టి బాధ దాని దాక పోతలేదు.

"వాల్వు ఎవరు తిప్పిన్రు?"
స్వరూప చీర కొంగు చూసుకున్నది.
"మొదలు ములుగు రోడ్డు పిలగాడు పే...ద్ద పంపు పెట్టిండు.
చేపలు పోయి అద్దానికి అతుక్కున్నయి.
అది తీపిచ్చి ఇది పెట్టిపిచ్చిన.
నీళ్లు మెల్లగ పోతే
బాగ సల్లబడ్తయని, నేనే..."

పంపు డబ్బా తెచ్చి చూపెట్టింది.
గంటకు మూడు వేల లీటర్లు, ఎర్రక్షరాలు.
నాకు నాయిన యాదికొచ్చిండు.
కాకతీయ కాల్వ చిట్టచివర మా మడి.
పైన ఇన్ని వందల క్యూసెక్కులు ఇడిసిన్రని
రేడియోల చెప్పిన పొద్దు
నాయిన పార భుజాన ఏసుకొని పోయి
తూము కాడ తడవని కాళ్లతోటి
మాపటికి తిరిగొచ్చేటోడు.
ఇడిసింది లెక్క కాదు బిడ్డా, అందింది లెక్క.

బకెట్టు అడిగిన. ఇరవై లీటర్లది,
నేల తుడిచేది, మళ్లమళ్ల కడిగిచ్చింది.
చిల్లరు నుంచి తిరిగొచ్చే పైపు దాంట్ల పెట్టి
ఫోన్ల గడియారం నొక్కిన.
నిండెటందుకు రెండు నిమిషాలు.
అంటే గంటకు ఆరు వందలు.
చిల్లరు ఒంటి మీద రాసున్నది
వెయ్యికి తక్కువ కావద్దు, రెండు వేలు దాటొద్దని.
ఆ చిన్నక్షరాలు ఎవ్వరూ సదువలే.

వాల్వు పూరా తెరిచిన.
అర ఇంచు పైపు పీకి ముప్పావు ఇంచుది ఏసిన.
గోడెంట నాలుగు మూలమలుపులు,
మూడు తీసేసిన.
పంపు విప్పితే రెక్కలకు ఉప్పు పేరుకొని
సున్నం బట్టిన కుండ తీరు. బ్రష్షుతోటి గీకిన.
మళ్ల బకెట్టు.
నలభై ఎనిమిది సెకండ్లు.
వేలు మడిచి లెక్కేసిన: పదిహేను వందలు.
నమ్మక ఇంకోసారి గడియారం నొక్కిన.

అప్పుడే చిల్లరు మోగింది.
ఈసారి ఆగలే.
పది నిమిషాలు. ఇరవై. ఆగలే.
లోపటి అంకె, బయటి అంకె
ఒకదాని దిక్కు ఒకటి నడుస్తున్నయి.
చేపలు కొంచెం కిందికి దిగినయి.
దవడ వాసిన పెద్దాయన ఒకాయన
"సల్లబడ్డదా?" అని చేతితోనే అడిగిండు.
"ఇంకా లేదు తాతా. పడ్తది" అన్న.
స్వరూప బుక్కుల ముప్పై అని రాసి
పక్కన ఏమో చుక్క పెట్టుకున్నది.

కాజీపేట బ్రిడ్జి మీద, బండి ఆపి
చెమట తుడుసుకుంట ఫోను తీస్తే
గడియారం ఇంకా ఉరుకుతనే ఉన్నది.
ఆపుడు మరిచిపోయిన.
గంటా పద్నాలుగు నిమిషాలు.
ఇప్పటికి ఎన్ని బకెట్లు పోయినయో
లెక్కేసుకుంట నిలవడ్డ.
కింద నుంచి గూడ్సు బండి పోతున్నది,
ఆఖరి డబ్బా వచ్చే దాక పోతనే ఉన్నది.